మ్యాచ్ అవ్వకముందే ఫొటో డెస్కుకి చేరాలంటే: కబడ్డీ బరి పక్కన ఫొటో మెకానిక్

సంక్రాంతి వస్తే అమలాపురం నుంచి నరసాపురం దాకా ఊరూరా బరి గీస్తారు. కొన్నిచోట్ల మ్యాటు, ఎక్కువచోట్ల మట్టి. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద సెమీఫైనల్ నడుస్తూ ఉంటుంది, ఒక చెవిలో పేపరు జిల్లా పేజీ వాళ్ళ ఫోను, ఇంకో చెవిలో 'ఇన్‌స్టాలో పెట్టాలండీ, ఒక నాలుగు పంపండి' అని కమిటీ కుర్రాళ్ళు. అలాంటి చోట కూర్చుని ఫొటోలు తేల్చడానికి ఫొటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్ష. అమెరికాలో ఓరెగాన్‌కి చెందిన కెమెరా బిట్స్ కంపెనీ సరుకు ఇది. విండోస్, మ్యాక్ రెండింటి మీదా నడుస్తుంది. లినక్స్‌కి లేదు.

ముందే ఒక మాట. ఇది రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ కాదు. రంగులు దిద్దే లైట్‌రూమ్ మానేసి దీనికి మారదామని కొంటే మొదటి రోజే తిట్టుకుంటారు. వైట్ బ్యాలెన్స్ స్లయిడర్ ఉండదు, నాయిస్ తగ్గించడం ఉండదు. ఇది చేసేవి నాలుగే పనులు: కార్డు నుంచి దించడం, ఏరడం, పేర్లు రాయడం, పంపడం. బరి పక్కన టైం తినేవి కూడా సరిగ్గా ఆ నాలుగే.

లెక్క చూడండి. మగవాళ్ళ కబడ్డీ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. ఒక్కో కూత 30 సెకన్లకు మించదు. అంటే మ్యాచ్‌కి సుమారు 80 కూతలు. కూతకి పది ఫ్రేముల చొప్పున వేసుకున్నా 800 ఫొటోలు. వాటిలో పేపరుకి కావలసినవి మూడు, కమిటీకి కావలసినవి పదిహేను. మూడు ఫొటోలకు రంగులు దిద్దడానికి ఎంత నిదానస్తుడికైనా ఐదు నిమిషాలు చాలు. ఆ మూడూ ఎక్కడున్నాయో వెతకడం, పట్టు పట్టినవాడు ఎవరో, దొరికిపోయినవాడు ఎవరో రాయడం, అక్కడే అరగంట పోతుంది.

ఏరడంలో దీని వేగానికి కారణం మాయేమీ కాదు. ప్రతి రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైలు) లోపలా కెమెరా ముందే తయారుచేసి పెట్టిన జేపెగ్ ఒకటి ఉంటుంది. ఫొటో మెకానిక్ రా డేటాని వండే పని పెట్టుకోకుండా ఆ జేపెగ్‌నే బయటికి లాగి చూపిస్తుంది. అందుకే బాణం కీ నొక్కీ నొక్కగానే తరువాతి ఫొటో తెర మీద ఉంటుంది. ఫోకస్ చూడ్డానికి జూమ్ చేసి ఉంచి బాణం నొక్కుతూ పోతే, అదే జూమ్‌లో ముఖాలన్నీ వరసగా వస్తాయి. నచ్చినదాని మీద టీ నొక్కితే ట్యాగ్ పడుతుంది. రెండో విడత ఏరికకి రంగుల తరగతులున్నాయి, కానీ బరి పక్కన వాటి జోలికి పోవద్దు. ఉందా లేదా అన్న ఒక్క ట్యాగ్ చాలు. చుక్కలు, రంగులు అన్నీ పెట్టుకుంటూ కూర్చుంటే రెండో భాగం మొదలైపోతుంది.

ఇంతకంటే వేగం కావాలంటే ఏరిక కెమెరాలోనే మొదలుపెట్టాలి. టైమ్ అవుట్ ఇచ్చినప్పుడు, ఆటగాళ్ళు మారేటప్పుడు వెనక తెర మీద చూసి, బాగున్నదానికి ప్రొటెక్ట్ బటన్, అదే తాళంచెవి గుర్తు, నొక్కేయాలి. దించేటప్పుడు ఇన్‌జెస్ట్ పెట్టెలో (కార్డు నుంచి దించే పనిని ఇందులో ఇన్‌జెస్ట్ అంటారు) తాళం వేసినవి మాత్రమే కాపీ చెయ్యమని చెప్పవచ్చు. అప్పుడు 400 ఫ్రేములకు బదులు పాతిక దిగుతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. కెమెరాలో 'అన్నీ డిలీట్' అంటే తాళం వేసినవి మిగులుతాయి గానీ ఫార్మాట్ అంటే అవీ పోతాయి. తాళం ఉందిలే అన్న ధీమాతో ఫార్మాట్ కొట్టకండి. మిగతా ఫొటోలు మ్యాచ్ అయ్యాక దించుకోవచ్చు. ఇంక్రిమెంటల్ అన్న ఆప్షన్ ఆన్ చేసి ఉంటే ఇంతకు ముందు దించినవి మళ్ళీ దిగవు.

ఇన్‌జెస్ట్‌లో అన్నిటికంటే విలువైనది రెండో గమ్యం. ఒకే కాపీలో ల్యాప్‌టాప్‌కి, బయటి ఎస్‌ఎస్‌డీకి రెండుచోట్లకీ వెళుతుంది. రెండు కార్డ్ రీడర్లుంటే రెండు కార్డులూ ఒకేసారి దించుకుంటుంది. ఫైలు పేరు కూడా అక్కడే మారిపోతుంది: తేదీ, ఊరు, వరస నంబరు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే ల్యాప్‌టాప్‌కి ఇస్తుంటే ఈ పేరు మార్పిడి తప్పనిసరి. రెండు కెమెరాల్లోనూ ఒకే నంబరు గల ఫైళ్ళు వచ్చి, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కిన సందర్భాలు ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కెమెరాల గడియారాలు కలపడం కూడా మరవకూడదు. మ్యాచ్ ముందు రెండు కెమెరాలతోనూ ఒకే ఫోన్లోని సెకన్ల గడియారాన్ని ఫొటో తీసి పెట్టుకుంటే, తేడా ఎంతో తెలుస్తుంది. తరువాత సాఫ్ట్‌వేర్‌లోనే ఒక కెమెరా ఫొటోల సమయాన్ని అంత జరపవచ్చు. లేకపోతే సమయం ప్రకారం వరస పెట్టినప్పుడు ఒక వైపు నుంచి పట్టు, ఇంకో వైపు నుంచి దాని ముందటి కూత పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

వేగం విషయంలో సాఫ్ట్‌వేర్‌ని తిట్టేవాళ్ళలో సగం మంది తిట్టాల్సింది కార్డ్ రీడర్‌ని. 8 ఎంబీ జేపెగ్‌లు వెయ్యి అంటే 8 జీబీ. మామూలు యూహెచ్‌ఎస్-1 కార్డు, మంచి రీడర్ ఉంటే సెకనుకి 90 ఎంబీ చొప్పున నిమిషంన్నరలో దిగుతుంది. అదే కార్డు పాత యూఎస్‌బీ 2 రీడర్‌లో 35 ఎంబీ దాటదు, దాదాపు నాలుగు నిమిషాలు. విరామమే ఐదు నిమిషాలు. రా ఫైళ్ళయితే, ఒక్కోటి 25 ఎంబీ వేసుకున్నా, మంచి రీడర్‌తో కూడా నాలుగున్నర నిమిషాల పైనే. అందుకని రెండు స్లాట్ల కెమెరాలో ఒకదాంట్లో రా, ఇంకోదాంట్లో జేపెగ్ పెట్టుకుని, విరామంలో జేపెగ్ కార్డు మాత్రమే బయటికి తియ్యాలి.

ఇక పేర్ల సంగతి. డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే.

ఫొటో లోపల వివరాలు రాసే పద్ధతిని ఐపీటీసీ అంటారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసింది ఎవరు అన్నవి ఫైల్లోనే అతుక్కుని డెస్కు దాకా వెళతాయి. ఊరు, మండలం, జిల్లా, పోటీ పేరు, ఫొటోగ్రాఫర్ పేరు వంటి మారనివన్నీ మెటాడేటా టెంప్లేట్‌లో ఒకసారి రాసి పెడితే ఇన్‌జెస్ట్‌లోనే ప్రతి ఫొటోకీ అంటుకుంటాయి. పాత వెర్షన్లలో దీన్నే స్టేషనరీ ప్యాడ్ అనేవారు. మారేది ఆటగాళ్ళ పేర్లు ఒక్కటే. దానికి కోడ్ రీప్లేస్‌మెంట్ అని ఒక సదుపాయం ఉంది. ఒక టెక్స్ట్ ఫైల్లో వరసకి ఒక ఆటగాడు: ముందు కోడు, తరువాత ట్యాబ్, తరువాత పేరు. క్యాప్షన్‌లో \A7\ అని కొట్టగానే అది పేరుగా మారిపోతుంది. రెండు జట్లలోనూ 7వ నంబరు ఉంటుంది కనుక ఒక జట్టుకి A, రెండో జట్టుకి B ముందు తగిలించాలి.

తెలుగులో క్యాప్షన్ రాసేవాళ్ళకి ఇందులో రెండు అడ్డంకులున్నాయి, రెండింటికీ దారి కూడా ఉంది. మొదటిది విభక్తి. ఇంగ్లీషు క్యాప్షన్‌లో పేరు ఎక్కడున్నా పేరే. తెలుగులో 'రాంబాబు పట్టాడు', 'రాంబాబును పట్టాడు' రెండూ ఒకటి కాదు, ఒక్క అక్షరంతో దొరికినవాడే పట్టినవాడైపోతాడు. ఈ టెక్స్ట్ ఫైల్లో ఒక కోడుకి ట్యాబ్ కొట్టి రెండో రూపం కూడా ఇవ్వవచ్చు. మొదటి గడిలో 'రాంబాబు', రెండో గడిలో 'రాంబాబును'. వాడేటప్పుడు \B7#2\ అంటే రెండో గడి వస్తుంది. మూడో గడిలో 'రాంబాబుకు' కూడా పెట్టుకోవచ్చు గానీ కబడ్డీలో అంత అవసరం రాదు, బహుమతి ప్రదానం ఫొటోలకైతే పనికొస్తుంది.

రెండోది కీబోర్డు మార్పిడి. వాక్యం తెలుగులో, కోడు ఇంగ్లీషులో అంటే ప్రతిసారీ భాష మారుస్తూ ఉండాలి. ఆ కంగారులోనే కోడు తెలుగు అక్షరాల్లో పడి పేరుగా మారకుండా అలాగే పేపరుకి వెళ్ళిపోతుంది. దీనికి మందు ఏమిటంటే, రాబోయే వాక్యాలనే ముందుగా కోడ్ ఫైల్లో పెట్టేయడం. 'కూతకు వచ్చిన' అన్నదానికి ఒక కోడు, 'చీలమండ పట్టి నిలువరిస్తున్న' అన్నదానికి ఒకటి, 'బోనస్ గీత దాటుతున్న' అన్నదానికి ఒకటి. అలాంటివి పన్నెండు రాసుకుంటే మ్యాచ్ మొత్తం తేలిపోతుంది. బరి పక్కన కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంటుంది, తెర మీద తెలుగు వాక్యం తయారవుతుంది.

ఆ ఫైలు తయారీలోనూ గోతులున్నాయి. జాబితాని ఎక్సెల్‌లో కొట్టి 'ట్యాబ్ డీలిమిటెడ్ టెక్స్ట్'గా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఎందుకంటే ఆ సేవ్ యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో) జరగదు. గళ్ళు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రకంగా సేవ్ చెయ్యాలి. ట్యాబ్‌కి బదులు స్పేసులు కొడితే కోడు పనిచేయదు, కంటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక డీటీపీ సెంటర్ నుంచి జట్ల జాబితా తెచ్చుకుంటే అది చాలాసార్లు అను ఫాంట్లలో ఉంటుంది. అను అక్షరాలు యూనికోడ్ కాదు కాబట్టి ఫొటోలో అవి పిచ్చి గుర్తులుగా దిగుతాయి. మార్చుకోవాలి, లేదా మళ్ళీ కొట్టుకోవాలి. పోటీకి ముందు రోజే ఒక ఫొటోకి తెలుగు క్యాప్షన్ రాసి, డెస్కు వాళ్ళ కంప్యూటర్‌లో తెరిచి చదివించుకోవడం మంచిది. అవతలి సాఫ్ట్‌వేర్ పాతదైతే అక్కడ గజిబిజి అయ్యే అవకాశం ఉంది.

జాబితా సరిగా ఉంటేనే ఇదంతా. మన ఊరి పోటీల్లో అరువు జెర్సీలు, ఒకే నంబరు ఇద్దరికి, వీపు మీద ప్లాస్టర్‌తో అంటించిన అంకె, అన్నీ మామూలే. మట్టి బరి మీద పది నిమిషాలకి నంబరు కనిపించదు కూడా. స్కోరర్ దగ్గరి కాగితాన్ని ఫొటో తీయడంతో సరిపెట్టకూడదు. జట్టు వరసలో నిలబడినప్పుడు ముందు నుంచి, వెనక నుంచి ఒక్కో ఫ్రేమ్ తీసుకుని పెట్టుకుంటే జుట్టు, మోకాలి పట్టీ, చేతి తాడు చూసైనా పోల్చుకోవచ్చు.

పంపడం. ఎఫ్‌టీపీ (డెస్కు సర్వర్‌కి ఫైళ్ళు నేరుగా పంపే దారి) వివరాలు ముందే నింపి పెడితే ట్యాగ్ చేసినవన్నీ వెనక వెళుతూ ఉంటాయి, ఈలోగా ఇంకో క్యాప్షన్ రాసుకోవచ్చు. పంపేటప్పుడే సైజు తగ్గించమని చెప్పవచ్చు, తప్పకుండా తగ్గించండి. పదివేల మంది ఒకచోట చేరి అందరూ వీడియోలు తీసి పెడుతుంటే టవర్ ఉన్నా అప్‌లోడ్ ఉండదు. 2 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 2 మెగాబిట్లు (పావు ఎంబీ) దొరికిందనుకుందాం. 8 ఎంబీ అసలు ఫొటోలు పది పంపితే ఐదు నిమిషాల పైన. పొడవు వైపు 2400 పిక్సెళ్ళు, నాణ్యత 80కి తగ్గిస్తే ఒక్కోటి సుమారు 1 ఎంబీ, పదీ కలిపి 40 సెకన్లు. పేపర్లో నాలుగు కాలాల ఫొటోకి ఆ సైజు సరిపోతుంది. రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల సిమ్ములు ఉంచుకోవడం, బరికి ఎదురు దిక్కున కాలువ గట్టు మీదకి నాలుగడుగులు వెళ్ళి పంపడం, ఇవి సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ పనిచేసే చిట్కాలు.

వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఎక్కువ కనుక ఇది చెప్పక తప్పదు: మామూలుగా ఫొటోలా పంపితే సైజు నలిగిపోవడమే కాదు, లోపల రాసిన పేర్లన్నీ ఊడిపోతాయి. ఇంత కష్టపడి రాసింది గోదాట్లో కలిపినట్టే. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది.

క్రాప్ ఇందులోనే చేసుకోవచ్చు, కాస్త వంకర కూడా సరిచేసుకోవచ్చు. అసలు ఫైలుని ముట్టుకోదు, కొలతలు మాత్రమే రాసుకుని పంపేటప్పుడు కోస్తుంది. రంగు దిద్దాలంటే అక్కడి నుంచి ఫొటోషాప్‌కో ఇంకోదానికో పంపాలి. ఫ్లడ్‌లైట్ల కింద ఈ అవసరం ఎక్కువ వస్తుంది, దానికి కారణం తెలిసి ఉంటే మంచిది. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/1000 షట్టర్‌తో వరసగా పది తీస్తే కొన్ని వెలుగుగా, కొన్ని మసకగా, కొన్ని సగం పచ్చగా వస్తాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేసుకుంటే ఫ్రేములు కొంచెం నెమ్మదిస్తాయి గానీ దీపం ప్రకాశంగా ఉన్న క్షణంలోనే షట్టర్ పడుతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా కెల్విన్‌లో ఒక అంకె దగ్గర కట్టేస్తే, ఒక ఫొటోకి దిద్దిన రంగే అన్నిటికీ సరిపోతుంది. న్యూస్‌ప్రింట్ మీద సిరా పీల్చుకుని నీడలు ఇంకా నల్లబడతాయి, అందుకే పేపరుకి పంపేదాన్ని తెర మీద కాస్త తెల్లగా అనిపించేలా ఉంచాలి. అంతకు మించి, అడ్డొచ్చిన మైకు స్తంభాన్ని చెరిపేయడం లాంటివి వార్తా ఫొటోకి కూడవు.

రా ఫైళ్ళతో ఇంకో జాగ్రత్త. వాటికి రాసిన క్యాప్షన్ పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్లోకి వెళ్ళేలా అమరిక ఉండవచ్చు. ఎస్‌ఎస్‌డీ నుంచి రా ఫైళ్ళు మాత్రమే ఏరి వేరేచోటికి కాపీ చేస్తే పేర్లు అక్కడే ఉండిపోతాయి.

డెల్టాలో ఈ పనికి వచ్చే ఇబ్బందుల్లో కొన్నిటికి ఏ సాఫ్ట్‌వేరూ జవాబు కాదు. దాళ్వా నాట్ల వేళ పొలాల మధ్య వెలిగే తెర ఏదైనా పురుగులకి పండగే. తెర వెలుగు తగ్గించి, ల్యాప్‌టాప్‌ని దీపస్తంభానికి దూరంగా పెట్టుకోవాలి. రాత్రి పది దాటితే మంచు కురిసి కీబోర్డు తడుస్తుంది, పైన తువ్వాలు కప్పుకుని పనిచెయ్యాల్సిందే. పగటి పోటీలకి, ఆత్రేయపురం కాలువలో పడవ పందేలకి అయితే ఎండలో తెర కనిపించదు. ఒక అట్టపెట్టె ఒక వైపు కోసి, లోపల నల్ల గుడ్డ అంటించి అందులో ల్యాప్‌టాప్ పెట్టడం అన్నిటికంటే చవకైన ఉపాయం. (ఆత్రేయపురంలో పూతరేకు తిన్న చేత్తో కీబోర్డు పట్టుకోవద్దు, ఆ పొడి కీల కిందకి దిగితే వదలదు.) కరెంటుకి మైక్‌సెట్ వాళ్ళ జనరేటర్‌కి నేరుగా తగిలించకండి, దీపాలన్నీ ఒక్కసారి వెలిగినప్పుడు ఓల్టేజీ ఊగుతుంది. ల్యాప్‌టాప్‌కి టైప్-సి ఛార్జింగ్ ఉంటే 65 వాట్ల పవర్ బ్యాంకు మేలు. 20,000 ఎంఏహెచ్ అంటే లెక్కకి 74 వాట్ అవర్లు, చేతికొచ్చేది 60 అనుకోండి. మామూలు ల్యాప్‌టాప్‌ని ఇంకోసారి నింపడానికి అది చాలు.

ఇక కొనాలా? ధర డాలర్లలో, చందా పద్ధతిలో కట్టుకోవచ్చు. బ్యాంకు కార్డుకి విదేశీ చెల్లింపులు ఆన్ అయి ఉండాలి. నెలనెలా తనంతట కట్ అయ్యే ఏర్పాటు బ్యాంకు అనుమతి దగ్గర ఆగిపోవడం మన కార్డులతో మామూలే. పండగ నెలలో అది ఆగితే తలనొప్పి, కాబట్టి ముందే చూసుకోండి. ట్రయల్ తీసుకుని ఒక టోర్నమెంట్ నడిపి చూడడం ఉత్తమం. ట్రయల్ గడువు మొదలుపెట్టేముందు జట్ల కోడ్ ఫైలు సిద్ధం చేసి ఉంచుకోండి, లేకపోతే ట్రయల్ కాలమంతా అక్షరాలు సరిచేసుకోవడానికే పోతుంది. తెర చూడడానికి పాతకాలం నాటిదిలా ఉంటుంది, పెట్టెల్లో చెక్ మార్కులు లెక్కలేనన్ని. నేర్చుకోవడానికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది.

వారానికి ఒక పోటీ అయినా చేసి ఆ రాత్రికే పంపేవాళ్ళకి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక టోర్నమెంట్ ఒప్పుకునేవాళ్ళకి ఇది పెట్టిన డబ్బు రాబడుతుంది. పెళ్ళిళ్ళే ప్రధానమై, ఏడాదికోసారి ఊళ్ళో కబడ్డీ తీసే స్టూడియోకి అక్కర్లేదు. ఏరడానికి మాత్రమే అయితే విండోస్‌లో ఫాస్ట్‌స్టోన్, సొంత వాడకానికి ఉచితం. పేర్లు కూడా రాయాలంటే అడోబీ బ్రిడ్జ్ చాలు, అడోబీ ఖాతా ఉంటే డబ్బు కట్టక్కర్లేదు. దానిలో టెంప్లేట్ ఉంది, ఏడో నంబరుని పేరుగా మార్చే కోడ్ లేదు. ఇప్పటికే లైట్‌రూమ్ క్లాసిక్‌కి చందా కడుతున్నవాళ్ళు, ఇంపోర్ట్‌లో ప్రివ్యూని 'ఎంబెడెడ్ అండ్ సైడ్‌కార్'కి మార్చి ఒకసారి చూడండి. కెమెరా జేపెగ్‌నే చూపిస్తుంది కనుక ఏరిక ఇంతకు ముందుకంటే బాగా వేగంగా సాగుతుంది. క్యాప్షన్లు మాత్రం చేత్తోనే కొట్టుకోవాలి.